పళ్ళతో విన్న మేస్త్రి

మొన్న నౌపడలో రైలు గేటు పడి మా బస్సు ఆగింది. బస్సు పక్కనే ఒక మోటారు సైకిలు. గూడ్సు ఎంతకీ రాదు. మోటారు సైకిలాయన ఇంజను ఆపకుండా దాన్ని అలాగే నడవనిచ్చి, హ్యాండిలు మీద వాలి చుట్ట కాల్చుకుంటున్నాడు. బండి కాసేపు బుద్ధిగా టకటకమంది. ఉన్నట్టుండి గొంతుకి మెతుకు అడ్డం పడ్డట్టు దగ్గి ఆగిపోయింది. ఆయన ఒక తిట్టు తిట్టి కిక్కు కొట్టాడు. లేచింది. మళ్ళీ దగ్గింది.

"ఎక్కడో గాలి లాగుతోంది. కార్బొరేటరు అతుకు దగ్గర చూపించు," అన్నాను కిటికీలోంచి.

"మీరు మెకానిక్కేటండీ?"

"నేను కాదు. పలాసలో పళ్ళ మేస్త్రి ఉన్నాడు, ఆయన దగ్గరికి తీసుకుపో."

ఆయన చుట్ట నోట్లోంచి తీశాడు. "ఏ ఊర్లో ఉన్నారండీ మీరు? ఆయన పోనాడు కదా. పెద్దకర్మం కూడా అయిపోనాది."

గేటు లేచింది. బస్సు కదిలింది. ఆయన ఇంకా కిక్కు కొడుతూనే ఉన్నాడు.

పళ్ళ మేస్త్రికి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఉండే ఉంటుంది. పలాస-కాశీబుగ్గలో ఎవరూ దాన్ని వాడలేదు కనుక నేనూ వాడను. ఉద్దానం తీరంలో చేపలవేటకు పోయే ఇల్లు ఆయనది. వయసులో ఉండగా ఒక కెరటం తెప్పని తిరగేసి, అదే తెప్పతో ఆయన తల పక్కన కొట్టిందట. ఒక చెవి పూర్తిగా పోయింది. రెండోదాంట్లో అరిస్తే వినపడేటంత మిగిలింది. సముద్రం చప్పుడు విననివాణ్ణి ఇంక తెప్ప ఎక్కించేది లేదన్నారు. ఒడ్డున కూర్చోలేక పలాస వచ్చి, లారీ షెడ్డుల్లో చేతులు నల్లబరుచుకుని, చివరికి జీడిపప్పు బట్టీల వెనకాల సొంతంగా ఒక తాటాకు పాక వేసుకున్నాడు. ఇంజను బాగుచేసేవాడికి చెవే ఆస్తి. ఈయనకి అది లేదు.

అందుకని పళ్ళతో వినేవాడు. ఆయన దగ్గర మూరెడు పొడుగు స్క్రూడ్రైవరు ఒకటి ఉండేది. మొన ఇంజను మీద ఆనించి, చెక్కపిడిని పళ్ళ మధ్య కరిచిపట్టి, కళ్ళు మూసుకునేవాడు. ఇంజనులో జరిగేదంతా ఇనుములోంచి, చెక్కలోంచి, పంట్లోంచి నేరుగా తలలోకి పోయేది. ఆ పిడి మీది పంటిగాట్లు చదివి ఏ బండికి ఏ జబ్బు చేసిందో చెప్పొచ్చని టెక్కలిలో ఒక మాస్టారికి చెప్పాను. ఆయన నమ్మి, చూడ్డానికి బస్సెక్కి వచ్చాడు కూడా.

బండి ఎంత వేగం పోతుందన్నది ఆయనకు పట్టేది కాదు. ఎవరైనా వచ్చి "నా బండి గాలిలో పోతాది మేస్త్రీ" అంటే మొహం చిట్లించేవాడు.

"పరిగెత్తమంటే ఏ బండైనా పరిగెడతాది మావా. యాక్సిలేటరు ఒగ్గీసి స్లోలో పెట్టి నిలబెట్టు. నిలబడి ఊపిరి తీత్తందా నేదా, అదీ సంగతి."

వయసుతో, కులంతో పని లేకుండా ఆయనకి అందరూ మావలే, పలాసలో ఉన్న ఒక్క డాక్టరుగారు తప్ప. బాగుచేసిన బండిని స్టాండు మీద నిలబెట్టి, స్లోలో ఉంచి, పెట్రోలు ట్యాంకు మీద కాల్చని జీడిగింజ ఒకటి పెట్టేవాడు. బీడీ ముట్టించేవాడు. బీడీ అయ్యేదాకా గింజ పడకూడదు, బండి ఆగకూడదు. స్లో ఎక్కువైతే బండి అదిరి గింజ దొర్లిపోతుంది. తక్కువైతే బండే ఆగిపోతుంది. ఆ రెంటికీ మధ్య ఉన్న వెంట్రుకవాసి చోటే ఆయన వెతుక్కునేది. ఒక బుగత, అంటే పెద్ద ఆసామి, బండి మీద పెట్టిన గింజ పడకుండా అక్కడే మొలకెత్తిందని నేను చాలామందికి చెప్పాను. ఇప్పటికీ అడిగితే కాదనను.

జబ్బు కనుక్కోకుండా స్లో స్క్రూ తిప్పేసి బండిని అరిపించి పంపేవాళ్ళంటే మాత్రం ఆయనకి ఒళ్ళుమంట. "రోగం కనపడకండా దుప్పటి కప్పీసినట్టు," అనేవాడు.

అలాంటి మనిషిని ఒక శీతాకాలంలో ఒక బండి ఏడిపించింది. అది పంతొమ్మిది వందల అరవై ఎనిమిదో, అరవై తొమ్మిదో. ఏడిపించింది బండి కాదు, నేను.

అప్పుడు నేను పలాసలో ఆ డాక్టరుగారి దగ్గర కాంపౌండరుని. ఆయనకి ఒక పాత టూ-స్ట్రోకు మోటారు సైకిలు ఉండేది. తెల్లవారకముందే దాని మీద బయల్దేరి, ఇసకదారుల్లో పడి, కవిటి వైపు తోటల్లోనూ తీరం పల్లెల్లోనూ రోగుల్ని చూసి మధ్యాహ్నానికి తిరిగొచ్చేవారు. వేడి మీద ఆపితే మళ్ళీ లేవడానికి మొరాయించేది కనుక, రోగి గుమ్మం ముందు దాన్ని స్లోలో వదిలేసి లోపలికి పోయేవారు. దాని ఆలనా పాలనా నాదే. టూ-స్ట్రోకు బండికి ఇంజనాయిలు విడిగా పొయ్యరు. పెట్రోల్లోనే కలిపి పోస్తారు. లీటరుకి ఒక చిన్న గ్లాసు.

ఒకసారి కవిటి దగ్గర తోటలో ఉండగా చూసుకుంటే ఆయిలు సీసా పలాసలోనే ఉండిపోయింది. డాక్టరుగారు లోపల రోగి దగ్గర ఉన్నారు. ఆ ఇంటావిడ అప్పుడే గానుగాడించి తెచ్చిన కొబ్బరినూనె చెంబుతో ఉంది. నూనె నూనే కదా అని ఒక గ్లాసు అడిగి కలిపేశాను. బండి వెన్నలా నడిచింది. పొగ అయితే అప్పాలు వేయించినంత కమ్మగా వచ్చింది. దారి పొడుగునా ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి ఎవరింట్లో పండగో అని చూశారు. మూడు ఊళ్ళ కుక్కలు మా వెంట పలాస దాకా వచ్చాయి. సరే, ఒక ఊరి కుక్కలు. డాక్టరుగారికి నశ్యం అలవాటు, ఆ ముక్కుకి ఏ వాసనా తగలదు. నేనేదో కొత్తది కనిపెట్టినట్టు పొంగిపోయి, ఆ రోజునుంచి కొబ్బరినూనే పోశాను. ఎవరికీ చెప్పలేదు. ఎండలూ వానలూ అలాగే గడిచాయి.

మార్గశిరం వచ్చింది. బండి తెల్లారగట్ల లేస్తుంది, యాక్సిలేటరు ఇస్తే పరిగెడుతుంది, వదిలితే చస్తుంది. పొద్దెక్కాక ఏ రోగమూ లేనట్టు నిలబడుతుంది. డాక్టరుగారు ఇసకలో దాన్ని తోసుకుంటూ పల్లెలు చేరేవారు. ఆ యేళ్ళలో నక్సలైట్ల కోసం కొండల వైపు పోలీసు జీపులు తిరుగుతుండేవి. మసక వెలుతురులో రోడ్డు మీద నిలిచిపోయిన బండిని అనుమానంగా చూసేవారు. రెండుసార్లు ఆయన తన మందులపెట్టె తెరిచి చూపించాల్సి వచ్చింది.

మేస్త్రి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ఎప్పుడూ చేసేట్టే ట్యాంకులో ఉన్నదంతా వంచేసి, కార్బొరేటరు విప్పి కడిగి, తన డబ్బాలోని ఆయిలు కలిపిన పెట్రోలు పోశాడు. ప్లగ్గు మార్చాడు. అతుకుల చుట్టూ సబ్బు నురగ పూసి గాలి లాగుతోందేమో చూశాడు. సైలెన్సరులో పేరుకున్న పాత మసి గోకాడు. గింజ పెట్టాడు, బీడీ ముట్టించాడు, బీడీ అయిపోయింది, గింజ పడలేదు. బండి ఇంటికొచ్చింది. రెండ్రోజుల్లో ఆ పెట్రోలు అయిపోయింది. నేను నా గ్లాసు కలిపాను. మూడో రోజు తెల్లారగట్ల మళ్ళీ దగ్గు.

అలా మూడుసార్లు. బండి ప్రతిసారీ మిట్టమధ్యాహ్నమే పాకకి చేరేది. ఎండలో నిలబడ్డ బండిలో ఆయన ఏం వెతికినా దొరకదు. ముక్కుతో పట్టేవాడేమో, కానీ ఆ పాక చుట్టూ రాత్రీపగలూ జీడిగింజల పొగ. అక్కడ రోజూ కూర్చునేవాడికి లోకమంతా ఒకటే వాసన.

నాలుగోసారి ఆగినప్పుడు తీరం పల్లెలో ఒక ముసలాయనకి ఊపిరాడ్డం లేదని కబురొచ్చి పోతున్నారు డాక్టరుగారు. గంటన్నర ఆలస్యంగా చేరారు. ముసలాయన ఆ పూటకి బతికాడు. తిరిగొచ్చి నేరుగా పాక ముందు దిగారు. నేను వెనక నిలబడ్డాను.

"మేస్త్రీ, నీ రిపేరు రెండ్రోజులకి మించి ఉండటం లేదు. ఇంకో గంట ఆలస్యమైతే ఆ మనిషి పోయేవాడు. అప్పుడు ఆ ఇంటివాళ్ళకి ఏం చెప్పమంటావు?"

డాక్టరుగారు అరవక్కర్లేదు, పెదాలు చూసి ఆయన గ్రహించేవాడు. "ఒక్కసారి ఇవ్వండి బాబూ. ఒక్కసారే."

"ఇదే ఆఖరు. ఈసారి ఆగితే విశాఖపట్నం పంపిస్తాను. ఎందుకు పంపించావని అడిగినవాళ్ళకి నిజమే చెప్తాను."

చుట్టుపక్కల మోటారు సైకిళ్ళున్నవాళ్ళు పదిమందికి మించి లేరు. అందరూ డాక్టరుగారి మాట వినేవాళ్ళే. ఆ నిజం ఒక్కటి చాలు, పాక మూతపడటానికి.

ఆయన వెళ్ళాక మేస్త్రి భార్య బయటికొచ్చింది. బట్టీలో జీడిగింజలు కొట్టే మనిషి. వేళ్ళు జీడిచమురుకి నల్లగా కాలి ఉండేవి. నన్ను పక్కకి పిలిచింది.

"బాబూ, ఈ మనిషి మూడ్రోజులై కూడు ముట్టనేదు. సెవులు పోనాయి, ఇప్పుడు పళ్ళు కూడా పోనాయి అంతన్నాడు. ఈ బండి రోగం దొరకాపోతే పాక ఒగ్గీసి నౌపడ ఉప్పు కొఠార్లకి పోతాడట. మా తమ్ముడికి కబురెట్టమన్నాడు."

"పెట్టావా?"

"ఎట్టకేటి సేత్తాను? మరీ అంత మొండి బండేటి బాబూ అది? మీరు రోజూ సూత్తారు కదా, మీకేటీ తెల్దా?"

"తెలీదు," అన్నాను. అప్పటికి అది నిజమే.

మర్నాడు పొద్దున్నే తలకి రాసుకుందామని గూట్లోంచి కొబ్బరినూనె సీసా తీసి వంచాను. రాలేదు. తిరగేసి కొట్టాను. తెల్లగా, గట్టిగా, వెన్నముద్దలా పేరుకుని ఉంది. ప్రతి చలికాలమూ చూసేదే. ఎండలో పెడితే కరుగుతుంది. సీసా చేత్తో పట్టుకుని అలాగే గోడకానుకున్నాను. పెట్రోలు ఎగిరిపోయాక, కార్బొరేటరులో అది కారే సూదిబెజ్జమంత జెట్టులో మిగిలే నూనె ఆ చలికి ఏమవుతుందో చెప్పడానికి మేస్త్రి అక్కర్లేదు.

పరుగెత్తి ట్యాంకు ఖాళీ చేసేద్దామనుకున్నాను. బండి వరండాలో లేదు. ఇంకెవరూ చెయ్యి వెయ్యకూడదని డాక్టరుగారు ముందురోజే తన గదిలో పెట్టి తాళం వేసుకున్నారు. సాయంత్రం మేస్త్రే వచ్చి అలా అడిగాడట. "మద్యాన్నం కాదు బాబూ, సలి మీద సూత్తాను. ఎల్లుండి తెల్లారగట్ల మీ గుమ్మం కాడికే వొత్తాను." ఆ ఎల్లుండికి ఇంకా ఒక రోజు ఉంది. ఆ రోజంతా డాక్టరుగారి ఎదుట మందులు కలుపుతూ నేను నోరు విప్పలేదు. విప్పితే నా ఉద్యోగం పోతుంది. విప్పకపోతే మేస్త్రి ఉప్పుమళ్ళలో దిగుతాడు. సాయంత్రానికి నాకు రెండూ సమానంగానే కనపడ్డాయంటే అప్పటి నా మనసు ఎలాంటిదో మీరే చూసుకోండి.

తెల్లవారుతోంది. వీధిలో మంచూ జీడిపొగా కలిసిపోయి ఉన్నాయి. మేస్త్రి తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. గడ్డం మాసి ఉంది. నావైపు చూడలేదు. డాక్టరుగారు బండిని బయటికి దొర్లించి శాలువా కప్పుకుని అరుగు మీద నిలబడ్డారు.

మేస్త్రి కిక్కు కొట్టాడు. రెండో తాపుకి లేచింది. యాక్సిలేటరు వదిలాడు. దగ్గింది. ఆగింది.

మళ్ళీ లేపి, స్క్రూడ్రైవరు ఆనించి, పిడి కరిచి కళ్ళు మూసుకున్నాడు. ఒక చేత్తో యాక్సిలేటరుని ఒక్కొక్క వేలే తీస్తున్నట్టు మెల్లగా వదిలాడు. దవడ బిగుసుకుంది. బండి ఆగిపోయినా పిడి వదల్లేదు.

"ఆకలితో సచ్చిపోతంది బాబూ," అన్నాడు కళ్ళు తెరిచి. "పెద్ద జెట్టు తింటంది. స్లో జెట్టుకి సుక్క అందడం నేదు."

జెట్టు విప్పి తూర్పువైపు ఎత్తి చూశాడు. వెలుతురు దాటలేదు. నోట్లో పెట్టుకుని ఊదాడు. బుగ్గలు ఉబ్బాయి గానీ గాలి దాటలేదు. డాక్టరుగారు అరుగు దిగారు. మేస్త్రి జెట్టుని గుప్పిట్లో మూసి, నోటి దగ్గర పెట్టుకుని వేడి ఊపిరి వదుల్తూ నిలబడ్డాడు. ఎంతసేపో. తర్వాత గుప్పిట విప్పి మళ్ళీ తూర్పుకి ఎత్తాడు. జెట్టు మధ్యలో నక్షత్రమంత వెలుగు.

ఆయన అరచేతిలో ఒక తడి చుక్క మెరుస్తోంది. వేళ్ళ మధ్య రుద్దాడు. మెల్లగా తలెత్తి, నూనె పెట్టి నున్నగా దువ్విన నా జుట్టు వైపు చూశాడు. ఒక్క క్షణం. అంతే. కిందికి వంగి జెట్టు బిగించడం మొదలెట్టాడు.

"ఏమిటది?" అన్నారు డాక్టరుగారు.

"దొరికినాది బాబూ. నా పళ్ళు పోనేదు."

ట్యాంకు వంచేసి, తను తెచ్చిన పెట్రోలు పోశాడు. లేపాడు. యాక్సిలేటరు వదిలాడు. నిలబడింది. గింజ పెట్టాడు. బీడీ ముట్టించాడు.

"తప్పెవరిది? అది చెప్పు."

"బండి ఏడుపు ఆగినాది కదా బాబూ. ఎవులు ఏడిపించినారో నాకెందుకు?"

"నాకు కావాలి. నాలుగుసార్లు విప్పినవాడివి నువ్వు. చెప్పకపోతే నీదే అనుకుంటాను."

మేస్త్రి గింజ వైపే చూస్తున్నాడు. "అలగే అనుకోండి."

"అయితే ఈ బండి మళ్ళీ నీ పాక మొహం చూడదు."

"అలగే."

బీడీ సగానికి వచ్చింది. గింజ వణుకుతోంది, పడటం లేదు. ఆయన నావైపు తిరుగుతాడని చూశాను. తిరిగితే నాకు కోపం వచ్చేది, కోపం వస్తే బొంకేవాణ్ణి. తిరగలేదు. బీడీ వేళ్ళ దాకా వచ్చింది.

"నేను సార్," అన్నాను. "ఆయిలుకి బదులు కొబ్బరినూనె కలిపాను. ఆర్నెల్ల నుంచీ."

డాక్టరుగారు నన్ను కొడతారనుకున్నాను. కొట్టలేదు. ఆయన మొహంలో కోపం కూడా రాలేదు. వచ్చింది భయం.

"మందుల్లో?" అన్నారు.

నాకు వెంటనే అర్థం కాలేదు.

"ఒకటి లేకపోతే ఇంకొకటి పోసేవాడివి. సీసాల్లో ఏం కలుపుతున్నావు నువ్వు?"

"లేదు సార్. ఎప్పుడూ లేదు. ఒట్టు." నా ఒట్టు నాకే తేలిగ్గా వినపడింది.

డాక్టరుగారు మేస్త్రి వైపు తిరిగారు. నిమిషం కిందట పొమ్మన్న మనిషిని, ఆయన చూసేలా పెదాలు కదుపుతూ అడిగారు. "మేస్త్రీ, వీడి మాట నమ్మొచ్చంటావా?"

నా బతుకంతా ఆయన నోట్లోకి పోయింది. ఆయన తొందరపడలేదు. బీడీ పారేశాడు. గింజ తీసి జేబులో వేసుకున్నాడు.

"అబద్దమాడీవోడైతే ఇప్పుడు నోరిప్పడం దేనికి బాబూ? ఇంకో దమ్ము ఊరుకుంటే సాలును. మీరు పొమ్మన్నారు, నాను పోదును. ఈయన్నెవులూ అడగరు. సెప్పీసినాడంటే మందులు బాగానే కలిపుంతాడు."

"రేపట్నించి ప్రతి సీసా నా ఎదురుగా కలుపు," అన్నారు డాక్టరుగారు నాతో. మేస్త్రికి క్షమాపణ లాంటిదేమీ చెప్పలేదు. నశ్యం డబ్బా తీసి మూత తెరిచి ఆయన ముందు పట్టారు. అంతకుముందు ఆ డబ్బా ఎవరి ముందూ పట్టగా నేను చూడలేదు. మేస్త్రి అరచెయ్యి లుంగీకి తుడుచుకుని చిటికెడు తీసుకున్నాడు. డాక్టరుగారు బండెక్కి తీరం వైపు బయల్దేరారు.

మేస్త్రితో పాటు పాక దాకా నడిచాను. ఆయన సామానుసంచీ అందుకున్నాను. ఇచ్చాడు. నాలుగడుగులు వేశాక ఆగి, డాక్టరుగారి వీపు దూరమైందో లేదో చూసి, నా చెవిలో గుసగుసగా అడిగాడు.

"ఆర్నెల్లు నడిసినాదా?"

తలూపాను.

"ప్లగ్గు మీద మసి కూడా పట్టనేదు. అదే నాకు అంతు సిక్కనేదు." కళ్ళు మెరుస్తున్నాయి. "ఎవులికీ సెప్పకు మావా. సైత్రమాసం రానీ. ఎండలు ముదిరినాక ఇద్దరం కలిపి సూద్దాం."

తన గొంతు తనకి వినపడని మనిషి గుసగుస అది. రెండు వీధుల అవతల కిటికీ ఒకటి తెరుచుకుంది. రోడ్డు మలుపులో డాక్టరుగారి బండి ఉన్నట్టుండి వేగం తగ్గించి, స్లోలో నిలబడిపోయింది.